టుస్సీ సంగతి

విజయవాడ,
ఆదివారం మధ్యాహ్నం

బుజ్జమ్మా,

ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను. ఫోన్‌లో అయితే నేను "అది కాదమ్మా" అనేలోపే నువ్వు "నాన్నా, మధ్యాహ్నం మాత్ర వేసుకున్నావా?" అంటావు. అక్కడితో నా మాట అయిపోతుంది. కాగితం మీద అయితే అడ్డం రాలేవు కదా. చేతిరాత వంకరగా ఉంటే సర్దుకో. వాకర్ పట్టుకుని పట్టుకుని బొటనవేలు మొద్దుబారింది.

పుణే కోర్సు ఫీజు కట్టడానికి వచ్చే శుక్రవారమే గడువని మీ అత్తయ్య చెబితే తెలిసింది. నువ్వు చెప్పలేదు. నిన్న రాత్రి బస్సుకి బయల్దేరుతూ, చెప్పులు వేసుకుంటూ, "ఈ ఏడాదికి వద్దనుకున్నా నాన్నా, హైదరాబాద్ రూమ్ కూడా ఖాళీ చేసేసి ఇక్కడికే వచ్చేస్తా, ఎడిటింగ్ పని ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు" అన్నావు. కూరగాయల సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పావు. రెండుసార్లు పరీక్ష రాస్తే వచ్చిన సీటు అది. మొదటిసారి రానప్పుడు నువ్వు బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చావని నాకు తెలుసు. కుళాయి చప్పుడు వేరు, ఏడుపు చప్పుడు వేరు. ముప్పయ్యేళ్లు రాత్రి డ్యూటీ చేసినవాడి చెవులు ఇవి.

నువ్వు వెళ్లాక నిద్ర పట్టలేదు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి నువ్విచ్చిన ట్యాబ్‌లో నేను ఒకావిడ గురించి చదువుతున్నానని చెప్పాను గుర్తుందా? "ఎవరు నాన్నా ఈ టుస్సీ, పిల్లి పేరులా ఉంది" అని నవ్వావు. ఆవిడ గురించే ఈ ఉత్తరం.

అసలు పేరు ఎలినార్ మార్క్స్. కార్ల్ మార్క్స్ ఆఖరి కూతురు. నాకు ఈ పేరు మొదట తగిలింది నలభై ఏళ్ల కిందట, గవర్నర్‌పేటలో ప్రెస్సులో కొత్తగా చేరినప్పుడు. అప్పట్లో చేతి కంపోజింగే. కేసులోంచి ఒక్కో సీసపు అక్షరం ఏరి స్టిక్‌లో పేర్చాలి. మార్క్స్ మీద ఏదో చిన్న పుస్తకం వచ్చింది. అందులో "చిన్న కూతురు ఎలినార్ మార్క్స్ కూడా ఉద్యమంలో పనిచేసింది" అని ఒకే ఒక్క వాక్యం. నేను అలవాటులో "ఏలినాటి మార్క్స్" అని కంపోజ్ చేసేశాను. ప్రూఫ్ చూసే పెద్దాయన గ్యాలీ నా ముందు పెట్టి, "ఏమయ్యా, పాపం ఆవిడకి శని పట్టించావే" అన్నారు. ప్రెస్సంతా నవ్వులు. నేను ప్రూఫ్ రీడర్ని అవ్వాలని అనుకున్నది ఆ రోజే. కానీ ఆ వాక్యం ముందూ వెనకా ఏముందో మాత్రం ఇన్నేళ్లూ చూడలేదు. తుంటి విరిగితే గానీ తీరిక దొరకలేదు.

1855 జనవరి 16న లండన్‌లో పుట్టింది. సోహోలో డీన్ స్ట్రీట్ మీద రెండు గదుల ఇల్లు. ఆమె పుట్టి మూడు నెలలు తిరక్కుండానే ఎనిమిదేళ్ల అన్న ఎడ్గార్ పోయాడు. ఆ ఇంట్లో పెద్దయ్యేదాకా బతికింది ముగ్గురు ఆడపిల్లలే. జెన్నీ, లారా, ఈమె. ఇంట్లో అందరికీ ముద్దుపేర్లు. ఈమె టుస్సీ. తండ్రి నల్లగా ఉంటాడని పిల్లలు ఆయన్ని "మోర్" అని పిలిచేవాళ్లు. పెళ్లాం కూడా అలాగే పిలిచేదిట.

మార్క్స్ అంటే మనకి ఫొటోలో గడ్డం, గంభీరమైన ముఖం. ఈమె రాసుకున్న జ్ఞాపకాల్లో ఆయన వేరే మనిషి. పిల్లని భుజాల మీద ఎక్కించుకుని తోటలో తిరిగేవాడు. నడకకి వెళ్తే కథలు చెప్పేవాడు. కథకి కొలత అధ్యాయాలు కాదు, మైళ్లు. "ఇంకో మైలు చెప్పు" అని పిల్లలు అడిగేవాళ్లట. టుస్సీకి అన్నిటికంటే ఇష్టమైంది హాన్స్ రోక్లే కథ. హాన్స్ ఒక మాంత్రికుడు. బొమ్మల కొట్టు నడుపుతాడు. కొట్టు నిండా అద్భుతమైన బొమ్మలు, చేతిలో మాత్రం చిల్లిగవ్వ ఉండదు. అటు దయ్యానికీ బాకీ, ఇటు మాంసం కొట్టువాడికీ బాకీ. ఇష్టం లేకపోయినా బొమ్మల్ని ఒక్కొక్కటే దయ్యానికి అమ్మేస్తుంటాడు. అవి ఎక్కడెక్కడో తిరిగి, ఏవేవో చూసి, చివరికి మళ్లీ కొట్టుకే వచ్చేస్తాయి. నెలల తరబడి సాగిన కథ. చెప్పేవాడి కోటు అప్పటికి ఎన్నిసార్లు తాకట్టు కొట్టుకి వెళ్లొచ్చిందో తెలిస్తే ఆ కథ ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది.

ఇంకొకటి చెప్తాను, దీన్ని గుర్తుపెట్టుకో, మళ్లీ దీని దగ్గరికి వస్తాను. అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతున్న రోజుల్లో టుస్సీ చిన్నపిల్ల. యుద్ధం ఎలా నడపాలో తన సలహా లేకపోతే అబ్రహాం లింకన్‌కి కుదరదని గట్టిగా నమ్మింది. ఆయనకి పొడుగు పొడుగు ఉత్తరాలు రాసి, పోస్టు చెయ్యమని నాన్నకి ఇచ్చేది. ఆయన అన్నీ చదివి, తప్పకుండా అని తీసుకునేవాడు. ఒక్కటీ పోస్టు చెయ్యలేదు. అన్నీ దాచుకున్నాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమెకి చూపించాడు.

పదిహేడేళ్లకి లిస్సాగారే అనే ఫ్రెంచి పాత్రికేయుణ్ని పెళ్లి చేసుకుంటానంది. పారిస్ కమ్యూన్‌లో, అంటే 1871లో పారిస్ కార్మికులు చేసిన తిరుగుబాటులో, పోరాడి లండన్‌కి పారిపోయి వచ్చిన మనిషి. వయసు ముప్పై నాలుగు, సరిగ్గా రెట్టింపు. మార్క్స్ ఒప్పుకోలేదు. నిజం చెప్పనా, నేనైనా గొడవ చేసేవాణ్నే. కానీ వినడానికి విడ్డూరంగా ఉండే సంగతేమిటంటే, లిస్సాగారే కమ్యూన్ మీద రాసిన చరిత్రని మార్క్స్ మెచ్చుకున్నాడు, జర్మన్‌లోకి అనువాదం చేయించడానికి దగ్గరుండి పాటుపడ్డాడు. పుస్తకం మంచిదే, అల్లుడిగా మాత్రం వద్దు! మన బజార్లో కూడా ఇలాంటి కామ్రేడ్‌లని చాలామందిని చూశాను.

1873లో ఆమె బ్రైటన్ వెళ్లి బడిలో టీచరుగా చేరింది. సొంత సంపాదన కోసం. ఎక్కువ కాలం సాగలేదు, ఆరోగ్యం పాడై తిరిగొచ్చింది. ఆ తర్వాతి ఏడాది తండ్రికి ఒక ఉత్తరం రాసింది. కోపగించుకోనని ముందు మాట ఇస్తే ఒకటి అడుగుతానని మొదలుపెట్టి, లిస్సాగారేని మళ్లీ ఎప్పుడు కలవొచ్చు, అసలు చూడకుండా ఉండటం చాలా కష్టంగా ఉందని. ఒకే ఇంట్లో ఉంటున్న తండ్రికి ఉత్తరం! నోటితో అడగలేక. అది చదివినప్పుడు ట్యాబ్ పక్కన పెట్టేసి కాసేపు ఫ్యాన్ వంక చూస్తూ పడుకున్నాను.

ఆ నిశ్చితార్థం పెళ్లీ కాక, పోవడమూ కాక పదేళ్లు నానింది. 1882లో ఆమే తెంచేసుకుంది. ఆ పదేళ్లూ ఏం చేసింది? బ్రిటిష్ మ్యూజియం రీడింగ్ రూమ్‌లో కూర్చుని డబ్బులకి పాత పుస్తకాల ప్రతులు రాసింది. తండ్రికి ఉత్తరాలు రాసిపెట్టింది. ఆయన ఆరోగ్యం కోసం కార్ల్స్‌బాడ్ వేడినీళ్లకి తోడు వెళ్లింది. ఎవరూ ఆమెను బలవంతంగా కూర్చోబెట్టలేదు సుమా. ఇంట్లో పని ఉంది, చేసే చెయ్యి ఆమెది, అంతే.

1881 చివర్లో తల్లి క్యాన్సర్‌తో మంచాన పడింది. అదే సమయంలో తండ్రికి ఊపిరితిత్తుల జబ్బు. ముందు గదిలో ఒకరు, వెనక గదిలో ఒకరు. మార్క్స్ కొంచెం తేరుకుని, మంచం దిగి భార్య గదిలోకి నడిచి వెళ్లిన పొద్దును టుస్సీ రాసింది. పెద్దవాళ్లిద్దరూ కొత్తగా ప్రేమలో పడిన అమ్మాయీ అబ్బాయీలా కనిపించారట, జీవితాంతానికి వీడ్కోలు చెప్పుకుంటున్న జబ్బు మనుషుల్లా కాకుండా. డిసెంబరు 2న తల్లి పోయింది. నెల తిరగకుండా టుస్సీ తండ్రిని తీసుకుని సముద్రం గాలి కోసం వెంట్నర్ అనే ఊరు వెళ్లింది.

అక్కడ ఆమె కూలిపోయింది. తిండి లేదు, నిద్ర లేదు. అక్క జెన్నీకి రాసిన ఉత్తరంలో, నాన్న, డాక్టర్లు విశ్రాంతి తీసుకోమంటున్నారు గానీ నా జబ్బు మనసుదని ఎవరికీ అర్థం కావట్లేదని, విశ్రాంతి తప్ప ఇంకేదైనా కావాలని మొత్తుకుంది. ఇరవై ఏడేళ్లు వస్తున్నాయి. నటి కావాలని కోరిక. నాటకం నేర్పే ఒకావిడ దగ్గర పాఠాలు మొదలుపెట్టాలని ఉంది. కాలం జారిపోతోందని భయం.

అప్పుడు, 1882 జనవరిలో, మార్క్స్ తన ప్రాణస్నేహితుడు ఎంగెల్స్‌కి ఒక ఉత్తరం రాశాడు. నేను ఈ ఉత్తరమంతా రాస్తున్నది ఆ ఒక్క మాట కోసం. ముసలివాడికి నర్సుగా కుటుంబం బలిపీఠం మీద తనని బలిచ్చారని ఆ పిల్ల అనుకోవడం తనకి ఎంతమాత్రం ఇష్టం లేదని రాశాడు. ఆమెకి ఇప్పుడు కావలసిన వైద్యం ఆ నాటకం పాఠాలేనని కూడా.

చాలామంది ఈ మాట ఎత్తి చూపించి, చూశారా ఎంత మంచి తండ్రో అంటారు. నేను అంత తేలిగ్గా మార్కులు వెయ్యను. పదేళ్లు ఆలస్యంగా వచ్చిన మాట అది. ఆ పిల్ల అలా "అనుకోవడం" ఇష్టం లేదన్నాడు చూడు, తప్పులు పట్టేవాడి కన్ను అక్కడ ఆగుతుంది. అయినా ఆలస్యంగానైనా రాశాడు. నేను అదీ చెయ్యలేదు.

మీ అమ్మ పోయిన ఏడాది నీకు క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది. చేరాల్సిన రోజుకి వారం ముందు నువ్వు వంటగదిలో నిలబడి, "చేరట్లేదు నాన్నా, ఇక్కడే ఏదో చూసుకుంటా" అన్నావు. నేను ఉండమని అనలేదు. అది నాకు బాగా గుర్తు. ఎవరడిగినా "నేనైతే ఉండమనలేదండీ, దాని ఇష్టం" అని చెప్పుకున్నాను కూడా. వెళ్లమనీ అనలేదు. ఆ రాత్రి డ్యూటీకి వెళ్లి హాయిగా పని చేసుకున్నాను. తెల్లవారుజామున ఇంటికొచ్చేసరికి హాట్‌బాక్స్‌లో ఇడ్లీ ఉంది. రెండేళ్లు ఉంది ఆ ఇడ్లీ. నోరు తెరిచి అడక్కుండానే మనిషి జీవితంలోంచి రెండేళ్లు తీసుకోవచ్చని నాకు అప్పుడు తట్టలేదు.

సరే, టుస్సీ దగ్గరికి వస్తాను. 1883 జనవరిలో పెద్దక్క జెన్నీ పోయింది. వెంట్నర్‌లో ఉన్న తండ్రికి ఆ కబురు చెప్పడానికి ఈమే రైలెక్కింది. నాన్నకి మరణశిక్ష మోసుకెళ్తున్నట్టు అనిపించిందని రాసింది. రెండు నెలలకే, మార్చి 14న, ఆయన పోయాడు. ఆమెకి ఇరవై ఎనిమిది.

కథ ఇక్కడ ఆగిపోతుందనుకుంటే పొరపాటు. ఆ ఒక్క వాక్యం వెనక ఇంత ఉందా అని నేను నోరు తెరిచింది ఇక్కడి నుంచే.

టైపు కొట్టి, పాఠాలు చెప్పి, అనువాదాలు చేసి బతికింది. ఫ్రెంచి రచయిత ఫ్లాబేర్ నవల "మదామ్ బోవరీ"ని 1886లో ఇంగ్లీషులో అచ్చయ్యేలా అనువదించిన మొదటి మనిషి ఈమే. ముందుమాటలో అనువాదకుల్ని మూడు రకాలు చేసింది. ప్రతిభతో చేసేవాళ్లు, కూలికి గీకేసేవాళ్లు, మనసు పెట్టి నిజాయితీగా చేసేవాళ్లు. నేను మూడో రకం అని చెప్పుకుంది. ఆ ముక్క చదివి నాకు ఎంత సంతోషం వేసిందో! మా ప్రూఫ్ రీడర్ల కులదైవం ఈవిడే అవ్వాలి. లిస్సాగారే కమ్యూన్ చరిత్రని కూడా అదే ఏడాది ఇంగ్లీషులోకి తెచ్చింది. పెళ్లి తెగింది, పని తెగలేదు. ఇబ్సెన్ నాటకాల కోసం నార్వే భాష నేర్చుకుంది. 1886 జనవరి 15న, తన పుట్టినరోజుకి ముందు రాత్రి, ఇంట్లో స్నేహితుల్ని కూర్చోబెట్టి "డాల్స్ హౌస్" చదివించింది. నోరా ఈమె. బెర్నార్డ్ షా క్రోగ్‌స్టాడ్ పాత్ర చదివాడు. నటి కాలేకపోయింది గానీ ఆ రాత్రి ఇంట్లో తలుపు వేసి వెళ్లిపోయే నోరా ఆమే అయింది. నోరా మొగుడు హెల్మర్ పాత్ర ఎవరిదో చెప్తాను, కాసేపు ఆగు.

అన్నిటికంటే నాకు నచ్చింది గ్యాస్ వర్కర్ల సంగతి. అప్పట్లో గ్యాస్ అంటే మన సిలిండరు కాదు. బొగ్గుని మూసిన బట్టీల్లో బాగా వేడిచేసి తీసే గ్యాసు. లండన్ వీధి దీపాలు దానితోనే వెలిగేవి. ఆ బట్టీలకి పారలతో బొగ్గు వేసేవాళ్లకి పన్నెండు గంటల షిఫ్టు. వాళ్లలో విల్ థార్న్ అని ఒకడు. ఆరేళ్ల వయసు నుంచీ కూలికి వెళ్లినవాడు, చదువు అబ్బలేదు. 1889 మార్చి 31న అతను యూనియన్ పెట్టాడు. టుస్సీ పక్కన కూర్చుని అతనికి చదవడం, రాయడం మెరుగుపరిచింది. చేతిరాత దిద్దించింది. యూనియన్ లెక్కలు, ఉత్తరాలు చూసింది. ఉపన్యాసం ఎవరైనా ఇస్తారమ్మా, మినిట్స్ బుక్ రాసేవాళ్లే దొరకరు. ఆ వేసవిలోనే సమ్మె లేకుండా షిఫ్టు పన్నెండు నుంచి ఎనిమిది గంటలకి దిగింది, జీతం తగ్గకుండా. థార్న్ తర్వాత 1906లో పార్లమెంటుకి వెళ్లాడు.

నా డ్యూటీ రాత్రి ఏడు నుంచి మూడు. ఎనిమిది గంటలు. ఏళ్ల తరబడి ఆఫీసు గోడ గడియారం వంక చూసి లేచిపోయాను. ఆ ఎనిమిది గంటల వెనక లండన్‌లో బెక్టన్ గ్యాస్ బట్టీల దగ్గర బొగ్గు మసిలో నిలబడిన వాళ్లున్నారని అప్పుడు తెలియదు.

అదే ఏడాది డాక్ కార్మికుల సమ్మె. గంటకి ఆరు పెన్నీలు ఇవ్వాలని. ఆమె సమ్మె ఆఫీసులో ఉత్తరాలు రాసే పని తీసుకుంది. అది గెలిచారు. వెంటనే సిల్వర్‌టౌన్‌లో ఒక రబ్బరు ఫ్యాక్టరీ. సముద్రం అడుగున వేసే టెలిగ్రాఫ్ కేబుళ్లు తయారుచేసే చోటు. అక్కడ ఆడవాళ్లు కూడా పని మానేశారు. అక్టోబరులో వాళ్లతో గ్యాస్ వర్కర్ల యూనియన్‌కి మొదటి మహిళా శాఖ పెట్టింది. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా సాగి ఆ సమ్మె ఓడిపోయింది. గెలిచినవాటి గురించి అందరూ రాస్తారు. చలికాలంలో ఓడిపోయి తిరిగి అదే గేటులోకి వెళ్లిన ఆ ఆడవాళ్ల గురించి ఇంకా చదవాలని ఉంది.

మరుసటి ఏడాది, 1890 మే 4న, హైడ్ పార్కులో లక్షల మంది ముందు ఎనిమిది గంటల పని దినం కోసం మాట్లాడింది. ఈస్ట్ ఎండ్‌లో దర్జీ పని చేసుకునే యూదులతో వాళ్ల మాటలోనే మాట్లాడాలని యిడ్డిష్ నేర్చుకుంది. తండ్రి పుట్టుకతో యూదుడైనా ఆయన పెద్దగా ఎత్తని ఆ సంగతిని ఈమె వేదిక మీద గర్వంగా చెప్పుకుంది.

ఇక హెల్మర్. ఎడ్వర్డ్ ఎవెలింగ్. సైన్సు చదివినవాడు, మంచి వక్త, సోషలిస్టు. 1884 నుంచి ఇద్దరూ కలిసి ఉన్నారు. అతనికి అప్పటికే పెళ్లయింది, విడాకులు లేవు. అందుకని పెళ్లి లేకుండానే, ఎవరికీ దాచకుండా, భార్యాభర్తలుగా బతికారు. ఆ రోజుల్లో అది ఎంత ధైర్యమో నీకు చెప్పక్కర్లేదు. కానీ మనిషి నికరం కాదు. ఎక్కడ పడితే అక్కడ అప్పులు, ఆడవాళ్ల గొడవలు. ఇద్దరి పేర్లతో ఆడవాళ్ల సమస్య మీద వచ్చిన వ్యాసంలో, కార్మికుల మీద సోమరిపోతుల దౌర్జన్యం ఎలాంటిదో ఆడవాళ్ల మీద మగవాళ్ల దౌర్జన్యం అలాంటిదని రాశారు. ఆ వాక్యం కింద అతని సంతకం కూడా ఉంది!

1895లో ఎంగెల్స్ పోతూ తన ఆస్తిలో ఈమెకి వాటా రాసిపెట్టాడు. ఆ డబ్బుతో సిడెన్‌హామ్‌లో ఇల్లు కొనుక్కుంది. ఆ రోజుల్లోనే ఇంకో సంగతి బయటపడింది. వాళ్లింట్లో జీవితమంతా పనిచేసిన హెలెన్ డెమూత్ కొడుకు ఫ్రెడీ మార్క్స్ కొడుకేనని. చరిత్రకారుల్లో ఎక్కువమంది దీన్ని ఒప్పుకుంటారు. టుస్సీ అప్పటిదాకా ఎంగెల్స్ కొడుకనుకుంది. తండ్రి అంటే ప్రాణంగా బతికిన మనిషికి ఆ కబురు ఎలా ఉండి ఉంటుందో. కానీ ఆమె ఫ్రెడీని దూరం చేసుకోలేదు. లేత్ మిషన్ మీద పనిచేసుకునే ఆ అన్ననే చివరి రోజుల్లో ఆమె దగ్గర చేర్చుకుంది.

1897 జూన్‌లో ఎవెలింగ్ వేరే పేరు పెట్టుకుని ఒక చిన్న వయసు నటిని రహస్యంగా పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య అప్పటికే పోయింది. పెళ్లి చేసుకునే వీలు ఉంది, ఈమెని మాత్రం చేసుకోలేదు. ఆ తర్వాత కూడా వచ్చి ఈ ఇంట్లోనే ఉన్నాడు. జబ్బు పడితే ఆపరేషన్ చేయించి, సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లి సేవ చేసింది ఈమే. తండ్రి ఏ పదం చూసి భయపడ్డాడో, పదహారేళ్ల తర్వాత ఆ పదమే వచ్చి పడింది. నర్సు.

1898 మార్చి 31న ఆమె తన ప్రాణం తనే తీసుకుంది. నలభై మూడేళ్లు. థార్న్ యూనియన్ పెట్టిన రోజుకి సరిగ్గా తొమ్మిదేళ్లు.

దీని గురించి రకరకాలుగా రాస్తారు. తను అనువదించిన నవలలో తన ప్రాణం తనే తీసుకున్న ఎమ్మా బోవరీ లాగే పోయిందని ఒక పోలిక. ఆ పోలిక నాకు ఒళ్లు మండిస్తుంది. ఆ నవలలో ఎమ్మా ఏ సమ్మె నడిపింది? ఎవరికి అక్షరాలు దిద్దించింది? ఇంకొందరు మొత్తం పాపం ఎవెలింగ్ నెత్తిన పెట్టి చేతులు కడుక్కుంటారు. వాడు దుర్మార్గుడే, నేనేం వెనకేసుకురాను. నేను ఆగిపోయింది ఇంకోచోట. వందలమంది కష్టం చెప్పుకోవడానికి ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు. ఆమె ఇంటి సంగతి మాత్రం ఒక్క ఫ్రెడీకి రాసిన ఉత్తరాల్లో తప్ప ఎక్కడా సరిగ్గా బయటికి రాలేదు. అందరూ ఆమె గట్టి మనిషి అనుకున్నారు. నిన్ను కూడా మన చుట్టాలంతా "అది గట్టిది, చూసుకుంటుంది" అంటారు. నేనే మొదట మొదలుపెట్టాను ఆ మాట. ఇక అనను. ఎప్పుడైనా మనసు బాగోకపోతే, టెన్షన్‌గా ఉంటే, రాత్రి రెండైనా ఫోన్ చెయ్యి. నైట్ డ్యూటీ అలవాటు పోలేదు, ఎలాగూ మేలుకునే ఉంటాను.

ఆమె అస్థికలు ఏళ్ల తరబడి పార్టీ ఆఫీసుల్లో ఉండిపోయాయి. 1956లో హైగేట్ శ్మశానంలో మార్క్స్‌కి పెద్ద విగ్రహం కట్టినప్పుడు తీసుకెళ్లి ఆయన సమాధిలో పెట్టారు. ఆమెకి ఇష్టమే అయి ఉంటుంది. నాకే ఎందుకో, ఆ గ్యాస్ వర్కర్ల యూనియన్ వాళ్లు ఎక్కడైనా ఒక చెట్టు కింద పెట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇక మన లెక్కలు. మీ అత్తయ్య సంక్రాంతి దాకా ఇక్కడే ఉంటానంది. ఆ తర్వాత కింద వాటాలో ఉండే వాళ్ల అమ్మాయి పొద్దునా సాయంత్రం వచ్చి వంట చేసి పెడతానంది, డబ్బు మాట్లాడాను. ఫిజియోథెరపీ అబ్బాయి నిన్న నన్ను గేటు దాకా నడిపించాడు. తిరిగి రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది, కానీ వచ్చాను. బాత్రూమ్‌లో గోడకి రాడ్డు వేయించాను, గరుకు పలకలు కూడా. ఇవన్నీ నువ్వు లేకుండానే జరిగాయి, గమనించు. ఫీజుకి నా పోస్టాఫీసు డిపాజిట్ ఉంది. గొడవ చెయ్యకు. రేపు మీ అత్తయ్యని తోడు తీసుకుని ఆటోలో వెళ్లి విడిపిస్తాను.

ఆఖరుది. నీకు పదేళ్లప్పుడు రాష్ట్రపతి కలాం గారికి ఉత్తరం రాసి పోస్టు చెయ్యమని నాకిచ్చావు. రెండు నెలలు పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్లు వినపడితే గేటు దగ్గరికి పరిగెత్తేదానివి. "పెద్దవాళ్లకి పనులుంటాయమ్మా" అని నేను సర్దిచెప్పాను. నేను దాన్ని పోస్టు చెయ్యలేదు. చదివాక చెయ్యబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ నా నిఘంటువులో పెట్టుకున్నాను. "మా నాన్న రాత్రంతా పేపర్లో తప్పులు దిద్దుతాడు. రాసేవాళ్లు పగలే సరిగ్గా రాయాలని మీరు ఆర్డరు వెయ్యండి. అప్పుడు మా నాన్న రాత్రి ఇంట్లో పడుకుంటాడు" అని రాశావు. "ఆర్డరు"కి వట్రసుడి పెట్టావు. దిద్దలేదు, అలాగే ఉంచాను.

ఈ కవరులోనే పెడుతున్నాను, చూసుకో.

నాన్న